మూడో వాటా తాళంచెవి

గడ్డపార రెండోసారి పడేసరికి తలుపు కింది బందు ఊడి వచ్చింది.

"పైదీ లేపెయ్," అన్నాడు కెంపరాజు. "ఒక్క తలుపుకి ఇంతసేపా? రోజూ జిమ్ముకెళ్ళి ఏం చేస్తున్నావురా మరి?"

ప్రసన్న చొక్కా చేతులు పైకి మడిచి మళ్ళీ గడ్డపార దోపాడు. వాడితో వచ్చిన రెండోవాడు తలుపు మీద పడకుండా అదిమి పట్టుకున్నాడు. గది ఇరుకని, ఈ వఠారం కట్టించిన పెద్దాయన, కెంపరాజు తండ్రి, ఆ రోజుల్లో తలుపులన్నీ బయటికి తెరుచుకునేలా పెట్టించాడు. ఇప్పుడు ఊడబెరికేవాళ్ళకు అదే సుళువైంది.

గుమ్మంలో, ద్వారబంధానికి రెండు చేతులూ ఆనించి దేవీరమ్మ నిలబడి ఉంది. ఆమె వెనక పొయ్యి మీద సంగటికి పెట్టిన ఎసరు కుతకుతా మరుగుతోంది.

శ్రీరామపురంలోని ఆ వఠారంలో ఆరు వాటాలు. అయిదు ఖాళీ అయ్యాయి. మిగిలింది ఈ మూడో వాటా, అందులో దేవీరమ్మ, ఆమె మొగుడు చిక్కణ్ణ. చిక్కణ్ణ పొద్దున్నే ఆటో తీసుకుని పోయాడు. అతను లేని వేళ చూసుకునే కెంపరాజు వచ్చాడు. ఓనరమ్మ కొడుకు పౌరుషం అంతవరకే.

"మంచిగా చెబుతున్నా దేవీ, జరుగు. తలుపు మీద పడితే నన్ననకు."

"పడనీ. మీ తలుపే, మీ ఇల్లే. తలకాయ ఒక్కటే నాది."

"నోరు తగ్గించు. పదిహేను రోజుల ముందే చెప్పానా లేదా? అడ్వాన్సు తీసుకుని పొమ్మన్నానా లేదా?"

"చెప్పావు. ఎప్పుడు చెప్పావు? ఆషాఢం వచ్చాక చెప్పావు. ఆషాఢంలో ఇల్లు మారతారా ఎవరైనా? ఏ ఓనరు ఇస్తాడు? ఇచ్చినా నేను పోయి పాలు పొంగిస్తానా? శ్రావణం రానీ, మొదటి మంచిరోజుకే నా సామాను నేనే ఎత్తుకుపోతా."

"మిగతా అయిదు వాటాలవాళ్ళు పోలేదా?"

"ఎవరు పోయారు? ఆ బీహారు పిల్లలకి మన ఆషాఢం పట్టదు. మూలవాటా కొత్తపెళ్ళికూతురు ఆషాఢమనే పుట్టింటికి పోయింది, ఆ పిల్లాడు ఒక్కడూ ఉండలేక సంచి సర్దుకున్నాడు. తక్కినోళ్ళు నీ నోటికి దడిసి పోయారు. నేను దడవను."

"శ్రావణం దాకా ఆగితే నాకు కుదరదు. మొదటి శుక్రవారం భూమిపూజ. అప్పటికి ఇక్కడ నేల చదునైపోవాలి."

దేవీరమ్మ నవ్వింది. ఆ సమయంలో నవ్వకుండా ఉండాల్సింది.

"నీ భూమిపూజకి శ్రావణం కావాలా అన్నా? ఆషాఢంలో చేసుకోవచ్చుగా. నీకో పంచాంగం, నాకో పంచాంగమా?"

సందు మొగలో గొడుగులు పట్టుకుని చూస్తున్నవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. కెంపరాజు మొహం నల్లబడింది. చేసే పని తప్పని తెలిసినవాడికి కోపం వస్తే అది పట్టపగ్గాల్లేకుండా వస్తుంది.

మేడమెట్ల మధ్యలో ఓనరమ్మ చెలువమ్మ నిలబడి ఉంది. కిందికి దిగలేదు, పైకీ పోలేదు. కొడుకు సంపు మోటారు వైర్లు కత్తిరించి మూడో వాటాకు నీళ్ళు ఆపిన రోజు కూడా ఆమె అక్కడే, అదే మెట్టు మీద నిలబడింది. వారంపాటు దేవీరమ్మ వీధి కుళాయి నుంచి బిందెలు మోస్తుంటే పైనుంచి చూసింది. కడుపున పుట్టినవాడిని నలుగురిలో కాదనడానికి నోరు రాని తల్లులు లోకంలో బోలెడుమంది. కానీ ఆ మౌనానికి ఖరీదు ఎవరో ఒకరు కట్టాలి. ఇక్కడ దేవీరమ్మ కడుతోంది.

"అమ్మా," అని దేవీరమ్మ తలెత్తి పిలిచింది. "ఓనరమ్మా! చూస్తున్నావా? తలుపు నువ్వు తియ్యమన్నావా?"

చెలువమ్మ కొడుకు వైపు చూసింది.

"ఆవిడనెందుకు అడుగుతావు? నేనున్నాగా," అన్నాడు కెంపరాజు. "లాగరా!"

పై బందు ఊడింది. తలుపు ఒక్కసారిగా వాలి, పట్టుకున్నవాడి భుజం మీదుగా జారి, వాకిట్లో బురదలో పడింది. ప్రసన్న దేవీరమ్మ చెయ్యి పట్టి పక్కకు ఈడ్చి పడేసి లోపలికి దూరాడు. ట్రంకుపెట్టె ముందు వచ్చింది. దాని వెనక పరుపుచుట్ట. ఆ తర్వాత దేవుడి పటాలున్న చెక్క అలమర, పటాలతో సహా. గాజు పగిలిన చప్పుడుకు దేవీరమ్మ లేచింది.

ఆమె ఎవరి మీదికీ పోలేదు. నేరుగా పొయ్యి దగ్గరికి పోయింది. చీరచెంగు చుట్టి గిన్నె రెండు చేతులతో ఎత్తి, ఇంకో సామాను కోసం మళ్ళీ లోపలికి వచ్చి వంగిన ప్రసన్న వీపు మీద ఎసరంతా కుమ్మరించింది.

ప్రసన్న అరిచిన అరుపు మనిషి అరుపులా లేదు. చొక్కా చర్మానికి అతుక్కుపోయింది. దాన్ని లాక్కుంటూ వాకిట్లోకి పరుగెత్తి, వాననీళ్ళు నిలిచిన గుంటలో వెల్లకిలా పడి దొర్లాడు. రెండోవాడు తలుపూ వద్దు, పనీ వద్దని సందులోకి పారిపోయాడు. తర్వాత వాడు మళ్ళీ కనపడలేదు.

కెంపరాజు దేవీరమ్మ జుట్టు పట్టుకున్నాడు. చెంపమీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మూడో దెబ్బకు ఆమె నోట్లోంచి రక్తంతో పాటు పన్ను ఊడి పడింది. ఆమె వాడి ముంజేతిని కరిచి పట్టుకుంది, వదల్లేదు. వాడు మోకాలితో పొట్టలో పొడిచాడు. అప్పుడు వదిలింది. ముడుచుకుపోయి గడప మీద పడింది. కెంపరాజు వంగి ఆమె నడుముకు దోపుకున్న తాళంచెవి లాక్కున్నాడు.

"రేయ్!"

సందు మొగలో ఆటో ఆగింది. అక్కడి కొట్టుకాడి మనిషి ఎవరో ఫోను చేసినట్టున్నారు. చిక్కణ్ణ దిగుతూనే సీటు కిందనుంచి టైరు విప్పే రాడ్డు తీశాడు. పీలగా ఉండే మనిషి. ఏనాడూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. వఠారంలో కుళాయి దగ్గర ఆడవాళ్ళు పోట్లాడుకుంటే చెవులు మూసుకుని పోయేవాడు.

"ఆడదాని మీద చెయ్యి చేసుకుంటావురా? నాతో రా. రా!"

మొదటి దెబ్బ కెంపరాజు భుజం మీద పడింది. రెండోది తప్పింది. ఈలోపు కెంపరాజు చేతికి గడ్డపార అందింది. అడ్డంగా విసిరాడు. అది చిక్కణ్ణ మోచేతి కింద తగిలింది. ఎండు పుల్ల విరిచినట్టు చప్పుడైంది. రాడ్డు జారిపోయింది. చెయ్యి పట్టుకుని వంగిన మనిషిని కెంపరాజు రెండు చేతులతో వెనక్కి నెట్టాడు. వెనక బట్టలుతికే బండ ఉంది.

తల ఆ బండ అంచుకు కొట్టుకుంది.

ఆషాఢపు తుంపర పడుతూనే ఉంది. బండ మీదినుంచి రక్తం, నీళ్ళూ కలిసి, పెద్దాయన కట్టించిన కాలవలోకి చక్కగా పారింది.

"మేం కళ్ళారా చూశాం," అని సందులోంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది. అంతే. చూసినవాళ్ళు ఒక్కొక్కరే గొడుగులు దించుకుని వెనక్కి జరిగారు.

కొట్టుకాడి మనిషి, ఇంకో ఇద్దరు కలిసి చిక్కణ్ణను అతని ఆటోలోనే పడుకోబెట్టారు. వాళ్ళలో ఒకడు నడుపుతానన్నాడు. దేవీరమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, కుంటుతూ పోయి ఆటోలో ఒక కాలు పెట్టింది.

చిక్కణ్ణ కళ్ళు సగం తెరిచాడు.

"ఇల్లు," అన్నాడు. "ఇల్లొదలకు దేవీ. నువ్వొస్తే ఈలోపల పడగొట్టేస్తారు."

దేవీరమ్మ ఆటో కమ్మి పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఒక కాలు లోపల, ఒక కాలు బురదలో. ఏ ఆడదానికీ ఇలాంటి బేరం రాకూడదు: మొగుడి తల వైపా, ఇంటి గడప వైపా. ఆమె లోపల పెట్టిన కాలు తీసేసింది. ఆటో కదిలిపోయింది. దేవీరమ్మ వచ్చి తలుపులేని గుమ్మంలో, గడప మీద కూలబడింది.

చెలువమ్మ మెట్టు మీదినుంచి ఇదంతా చూసింది. ఆ కాలు వెనక్కి తియ్యడం కూడా చూసింది.

*

"కాఫీ పెట్టు," అన్నాడు కెంపరాజు మేడమీద.

వాడి భార్య వనజాక్షి చెంబుతో నీళ్ళు తెచ్చి చేతుల మీద పోసింది. రక్తం పోయే వరకు పోసింది. ఏమీ అడగలేదు. ఆ ఇంట్లో అడగడం ఆమెకు అలవాటు లేదు. పంటి గాటు పడ్డ ముంజేతికి పసుపు అద్దింది. వాడు "స్స్" అన్నాడు. ఆమె వంటింట్లోకి పోయింది.

చెలువమ్మ మెట్లెక్కి లోపలికి వచ్చి, గోడకానుకుని నేలమీద కూర్చుంది.

"ప్రసన్న గాడు ఆస్పత్రికి పోతానని ఏడుస్తున్నాడు," అన్నాడు కొడుకు. "వీపంతా బొబ్బలు. అదీ వాళ్ళ గుణం. అలాంటిదాన్నా నువ్వు ఇన్నేళ్ళు ఇంట్లో పెట్టుకుంది?"

"చిక్కణ్ణ బతుకుతాడా?"

"బతక్కేం. తల పగిలితే నాలుగు కుట్లేస్తారు."

"చెయ్యి విరిగింది. ఆటో నడిపే చెయ్యి."

"వాడు రాడ్డుతో వచ్చాడమ్మా! నువ్వు చూడలేదా? నా భుజం చూడు."

"చూశాను. అన్నీ చూశాను. చూడ్డం తప్ప నేనేం చేశాను?"

కెంపరాజు తల్లికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు మార్చాడు. పని కావాలంటే వాడికి ఆ గొంతు కూడా ఉంది.

"అమ్మా, విను. నీకు తెలీదా? ఏటేటా పెంకులు మార్చాలి. వానొస్తే ఆరు వాటాల్లోనూ గిన్నెలు పెట్టాలి. ఒక్క పాయిఖానాకి ఆరు కాపురాలు. ఈ అద్దెలు సున్నాలకే చాలవు. అయిదంతస్తులు లేపి గదికి ముగ్గుర్ని పెట్టి హాస్టలు చేస్తే నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు. ఒప్పుకున్నావు కదా?"

"ఒప్పుకున్నాను. కట్టు. కట్టొద్దని ఎప్పుడన్నాను?"

"మరి?"

"మనుషుల్ని పంపడానికి ఒక పద్ధతుందిరా."

"పద్ధతి," అని కెంపరాజు జేబులోంచి తాళంచెవి తీసి, తల్లి ముందు నేలమీద పెట్టాడు. "ఇదిగో నీ పద్ధతి. మూడో వాటా తాళం. ఇల్లు ఖాళీ అయింది. తీసుకో."

చెలువమ్మ దాన్ని ముట్టుకోలేదు.

ఇక్కడ చెలువమ్మ పద్ధతి ఏమిటో చెప్పాలి. ఆమె మంచి ఓనరమ్మ అని ఎవరూ అనరు. గోడకు మేకు కొడితే తన ఒంట్లో దిగినట్టు అరిచేది. చుట్టాలు నాలుగు రోజులుంటే "ఎప్పుడు పోతారు?" అని వాళ్ళ మొహాన్నే అడిగేది. కానీ వాటా అద్దెకిచ్చేటప్పుడు కాగితాలు రాసుకునేది కాదు. మంచిరోజు చూసి రమ్మనేది. వచ్చినవాళ్ళు ఖాళీ ఇంట్లో ముందు పాలు పొంగించాలి. పొంగాక తాంబూలంలో పెట్టి తాళంచెవి తనే ఇచ్చేది. పోయేటప్పుడు వాళ్ళు ఇల్లు ఊడ్చి, దీపం పెట్టి, అదే తాళంచెవి తమ చేత్తో ఆమె చేతిలో పెట్టాలి. బొట్టు పెట్టించుకుని కదలాలి. అలా చెయ్యి నుంచి చేతికి రాకపోతే ఆ వాటా ఆమె లెక్కలో ఖాళీ కానట్టే.

ఒకసారి ఒక కాపురం చెప్పాపెట్టకుండా ఉడాయించింది. తాళంచెవి కిటికీలో పెట్టి పోయారు. చెలువమ్మ ఆ తాళంచెవి పట్టుకుని బస్సెక్కి, తుమకూరు పోయి, వాళ్ళ చుట్టాలిల్లు వెతికి, ఆ ఇల్లాలి చేత తన చేతిలో పెట్టించుకుని, బొట్టు పెట్టి వచ్చింది. వఠారమంతా నెలపాటు నవ్వుకున్నారు. ఆమె మాత్రం మర్నాడే ఆ వాటాకు సున్నం కొట్టించింది.

"తీసుకోమంటుంటే," అన్నాడు కెంపరాజు.

"ఎవరిచ్చారు?"

"ఎవరిస్తే ఏంటి? తాళం తాళమే."

"దేవి ఇచ్చిందా నీకు?"

"ఇచ్చింది."

"ఎట్లా ఇచ్చిందో చూశాను."

"చూశావుగా. మరి అడుగుతావేం?" కెంపరాజు గొంతు మళ్ళీ మారింది. "నీకు కొడుకు ముఖ్యమా, అద్దెకుండే ముండ ముఖ్యమా?"

"నోటికొచ్చినట్టు వాగకు. వాళ్ళ అద్దెలే నిన్ను చదివించినయ్. వీళ్ళిచ్చిన డబ్బుతోనే నీ పెళ్ళి పందిరి వేశాను."

"ఊరికే ఇచ్చారా? నీడకిచ్చారు."

"మరి ఆ నీడ తీసే ముందు ఈ నెల గడిచేదాకా ఆగలేకపోయావు. నీ పూజకి శ్రావణం కావాలి. ఆమె పాలు పొంగించడానికి వద్దా? అదడిగినందుకా పళ్ళు రాలగొట్టావు?"

"అదడిగినందుకు కాదు. అందరి ముందూ అడిగినందుకు."

చెప్పాక కెంపరాజుకే ఆ మాట వినపడింది. వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ వనజాక్షికీ వినపడింది. ఆమె గ్లాసు ఇవ్వడానికి ముందుకు రాలేదు.

"అది తీసుకో అమ్మా."

"తీసుకోను."

"నీ చేతికొస్తేనే ఖాళీ అయినట్టంటావు. అంతేగా?"

కెంపరాజు కుర్చీ తన్నేసి లేచాడు. నేలమీది తాళంచెవి తీసి, తల్లి కుడిచెయ్యి పట్టుకున్నాడు. ఆమె పిడికిలి బిగించింది. వాడు ఒక్కొక్క వేలూ విడదీశాడు. చిటికెనవేలు విడదీసేటప్పుడు ఆమె "అమ్మా" అంది. వాడు వినలేదు. తాళంచెవి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, ఆ పిడికిలి చుట్టూ తన రెండు చేతులూ వేసి నొక్కాడు. పాత ఇత్తడి తాళంచెవి. పళ్ళు పదునుగా ఉంటాయి. వాడు నొక్కుతూనే ఉన్నాడు.

"వచ్చిందా? ఇప్పుడు వచ్చిందా నీ చేతికి? చెప్పు. వచ్చిందని చెప్పు!"

వేళ్ళ సందుల్లోంచి రక్తం వచ్చి ఆమె ముంజేతి మీదికి పాకింది. చెలువమ్మ కొడుకు మొహంలోకి చూసింది. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అంటారు. ఆమె ఆ సామెతను ఊళ్ళోవాళ్ళ కొడుకుల విషయంలో ఎన్నోసార్లు వాడింది. తన ఇంటికి రాదనుకుంది.

"వదులు," అంది. అరవలేదు. "వచ్చింది. వదులు."

కెంపరాజు వదిలాడు. రొప్పుతూ వెనక్కి జరిగాడు. గెలిచిన మొహం పెట్టబోయాడు గానీ తన చేతులకంటిన తల్లి నెత్తురు చూసుకుని, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లుంగీకి తుడుచుకున్నాడు.

చెలువమ్మ గోడ పట్టుకుని లేచింది. పిడికిలి విప్పకుండానే మెట్లు దిగింది. ఈసారి మధ్యలో ఆగలేదు.

*

దేవీరమ్మ గడప మీదే ఉంది. చెంప వాచి ఒక కన్ను మూసుకుపోయింది. వాకిట్లో పరుపు తడిసి ఉబ్బింది.

చెలువమ్మ ఆమె ఎదురుగా, ఆ తడి నేలమీదే కూర్చుంది. చెయ్యి చాచి పిడికిలి విప్పింది.

"తీసుకోవే. నీ తాళం."

దేవీరమ్మ ఆ చేతిలోని తాళంచెవినీ, దాని కింద తెగిన చర్మాన్నీ చూసింది. ఎవరు చేశారని అడగలేదు.

"తలుపు లేని ఇంటికి తాళం ఏం చేసుకోనమ్మా?"

చెలువమ్మ బురదలో పడి ఉన్న తలుపు వైపు చూసింది. రెండు బందుల దగ్గరా చెక్క చీలిపోయింది. దాన్ని ఇక నిలబెట్టలేరు.

"నీళ్ళు ఆపినప్పుడే దిగి వస్తావనుకున్నా," అంది దేవీరమ్మ. దవడ నొప్పికి మాటలు నలిగి వస్తున్నాయి. "రోజూ మెట్ల కేసి చూసేదాన్ని. పెద్దాయన ఉన్నప్పుడు ఎంత గొడవైనా నీళ్ళ జోలికి పోలేదని నువ్వే చెప్పేదానివి. ఇప్పుడు రా అనుకునేదాన్ని. ఇప్పుడు రా. రాలేదు."

"రాలేదు."

"ఇప్పుడొచ్చావు. నా మొగుడి తల పగిలాక."

"ఆస్పత్రికి పో దేవీ. ఇల్లు నేను చూస్తా."

"నువ్వా?" దేవీరమ్మ కన్నీళ్ళు కారుతుండగా నవ్వింది. "నీ కొడుకు వస్తే అడ్డం పడతావా? నాకు నమ్మకం లేదమ్మా. తిట్టడం కాదు. నిజంగానే లేదు."

ఆ మాట చెలువమ్మకు అరచేతి గాయం కంటే లోతుగా దిగింది. ఆమె లేచింది. వాకిలి మధ్యకు వచ్చి మేడ వైపు తిరిగి పిలిచింది. చుట్టుపక్కల ఇళ్ళ కిటికీలన్నీ తెరుచుకునేంత గట్టిగా పిలిచింది.

"కెంపరాజూ! రా బయటికి."

వాడు మెట్ల పైన కనపడ్డాడు.

"ఈ వఠారం ఎవరిదిరా?"

"ఏంటమ్మా ఈ నాటకం? పైకి రా. చేతికి కట్టు కడుతుంది వనజ."

"ఎవరిదని అడుగుతున్నా."

"నాన్నది. అంటే మనది."

"నాది. నా పేరున ఉంది. నేను బతికుండగా ఇంకెవరిదీ కాదు. మేడమీద వాటా కూడా నాదే. అది ఖాళీ చెయ్యి. తాళం తెచ్చి నీ చేత్తో నా చేతిలో పెట్టు."

కెంపరాజు నోరు తెరిచి మూశాడు. వీధిలో జనం ఉన్నారని చూసి నవ్వాడు.

"కన్నకొడుకుని ఖాళీ చెయ్యమంటావా? నేనేమన్నా అద్దెకున్నానా?"

"లేవు. అద్దెకున్నవాడివైతే శ్రావణం దాకా గడువిచ్చేదాన్ని."

కిటికీల్లో ఎవరూ నవ్వలేదు.

"నీకు మతిపోయింది," అన్నాడు కెంపరాజు. "దీన్ని చూసి నీకు మతిపోయింది. ఇవ్వను. ఏం చేస్తావు?"

చెలువమ్మ చెయ్యి అలాగే చాచి నిలబడింది. ఏం చేస్తుందో ఆమెకూ తెలియదు. ఇన్నేళ్ళ ఓనరు బతుకులో ఎదుటివాడు ఇవ్వనంటే ఏం చెయ్యాలో ఆమె నేర్చుకోలేదు. తుమకూరు పోయి అడిగినా ఇచ్చారు గానీ, ఇవ్వనన్నవాళ్ళు లేరు.

అప్పుడు కెంపరాజు వెనకనుంచి వనజాక్షి వచ్చింది. మొగుడి పక్కనుంచి, ఒంటికి ఒళ్ళు తగలకుండా ఒదిగి దాటి, మెట్లు దిగింది. చేతిలో చిన్న కుంకుమ భరిణె ఉంది. వాకిట్లోకి వచ్చి, కొంగున ముడేసిన మేడ తాళంచెవి విప్పి, అత్త అరచేతిలో, ఆ రక్తంలోనే పెట్టింది.

"ఇల్లు ఊడ్చాను అత్తా," అంది. "దీపం పెట్టాను. నా వంతు ఖాళీ చేశాను. నాకు బొట్టు పెట్టు."

చెలువమ్మ భరిణెలో వేలు ముంచి కోడలి నుదుట పెట్టింది. అందులో కుంకుమెంతో, నెత్తురెంతో తెలియలేదు.

"వనజా!" అని మేడమీదినుంచి కేక.

ఆమె తల తిప్పలేదు. దేవీరమ్మ దగ్గరికి పోయి, చంకల కింద చేతులు వేసి లేవదీసింది.

"లోపలికి పద అక్కా. మొహం కడుగుతా."

ముగ్గురూ మూడో వాటాలోకి నడిచారు. వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. వాడు పరుగెత్తడం లేదు. ఒక్కొక్క మెట్టే దిగుతున్నాడు. కింది మెట్టు దగ్గర ఆగాడు. అక్కడ గోడకు ఆనించి ఉన్న గడ్డపార రాతి మీద ఈడ్చిన చప్పుడు లోపలికి స్పష్టంగా వినిపించింది.

"తలుపు వెయ్యి," అంది చెలువమ్మ, ఎన్నో ఏళ్ళ అలవాటు కొద్దీ.

వనజాక్షి గుమ్మం వైపు చెయ్యి చాచింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.